మిషను చూడని నరం

మౌసు ముట్టుకునే ముందు రత్నాలు అరచేతిని చీరకు తుడుచుకునేది. ప్రతిసారీ.

"అడవి మట్టి ఇంకా వదల్లేదా?" అనేవాడు దేవీప్రసాద్. ఆమె మౌసు అందుకునేది.

అరకులో ఒక చిన్న కంటి ఆసుపత్రి, 2007. అంతకుముందు రత్నాలు శిబిరాల్లో కళ్లలో చుక్కలు వేసేది. ఇప్పుడు తెర మీద కంటి లోపలి ఫొటో పెట్టుకుని, నెత్తురు పారే నాళాల వెంట గీతలు గీసేది. విశాఖ నుంచి వచ్చిన దేవీప్రసాద్ రాసిన ప్రోగ్రాం అవే నాళాలను తనంతట తాను గీసేది. రెండు బొమ్మలూ ఎంత కలిస్తే ప్రోగ్రాముకు అన్ని మార్కులు. ఎవరిని లేజరు చికిత్సకు పిలవాలో కూడా అదే చెప్పేది. వారానికోసారి వచ్చే డాక్టరు ఆ జాబితానే చూసేవాడు.

డిసెంబరులో యర్రమ్మ ఫొటో వచ్చింది. కాఫీ తోట మనిషి, చక్కెర జబ్బు. ఫొటో అంచున సన్నని నాళాల గుబురు. చిట్లితే కన్ను పోతుంది. అది పెద్ద నాళాన్ని అంటుకుని లేదు. అంటుకోనిదాన్ని ప్రోగ్రాం మరక అనుకుని తీసేసింది. రత్నాలు గీసింది. కొండ మీద దుంపలు తవ్వేవాళ్లు దుంపకు దారి చూపే ఎండు తీగ మధ్యలో తెగితే తిరిగిపోరు, అవతలి ముక్కను వెతుకుతారు. ఆమె ఆ పని చేస్తూ పెరిగింది.

"చెరిపెయ్," అన్నాడు దేవీప్రసాద్. "సోమవారం ప్రోగ్రాం చూడ్డానికి పెద్దవాళ్లొస్తున్నారు. మార్కులు తగ్గుతున్నాయి."

"అది నరమే సారూ. మీ మిసను సూడనేదు."

"ఇంటర్ తప్పినదానివి, నాకు చెబుతున్నావా?"

"నాను తప్పినదాన్నయితే, నా బొమ్మ సూసి మీ మిసనుకి మార్కులేటి సారూ?"

గుమ్మంలో నర్సు నవ్వింది. దేవీప్రసాద్ మౌసు లాక్కుని తనే చెరిపాడు. యర్రమ్మ పేరు జాబితాలోకి రాలేదు.

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు.

మర్నాడు గురువారం, డాక్టరు వచ్చే రోజు. రత్నాలు పొద్దున్నే యర్రమ్మ తోటకు వెళ్లింది.

"నీ కంట్లో నరాలు బాగునేవు పిన్నీ. డాక్టరు తన కళ్లతో సూడాల. బేగి రా."

"నాకు సీమ కాలు కూడా కనబడతంది. పళ్లు ఎవులు కోత్తారు, నీ మొగుడా? పోవే గుంటా."

రత్నాలు సగం నిండిన బుట్టను ఆమె నడుము నుంచి విప్పి, తన భుజానికి వేసుకుని ఆసుపత్రికి పోయే రోడ్డు వైపు నడిచింది. బుట్ట కోసం తిట్టుకుంటూ యర్రమ్మ వెనకే దిగింది.