రెండో సంతకం

కడప వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, కార్మికుల హాజరు రాసే టైమాఫీసు గుమాస్తాగా పనిచేశాను. దూరవిద్యలో లా సగం చదివి వదిలేసినవాణ్ని కాబట్టి అక్కడ చట్టం తెలిసినవాడిగా చలామణి అయ్యేవాణ్ని. ఆ సగం చదువు ఒకరికి మంచి చేయడానికి ఎప్పుడూ పనికిరాలేదు. చెడు చేయడానికి మాత్రం బాగా సరిపోయింది.

కోసిగి నుంచి వచ్చిన ఒకాయన మా క్రషర్ ఆపరేటరు. పద్నాలుగేళ్లుగా అదే మిషను. చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. ఒకరోజు బెల్టుకు అడ్డంగా ఉండే ఇనుప జాలీ ఊడిపోయింది. పక్కన పనిచేసే హెల్పరు చెయ్యి అందులో పడుతుందని భయపడి, ఎవర్నీ అడగకుండా క్రషర్ ఆపేశాడు. మర్నాడే మేనేజరు గేటు పక్కన ఎండలో ఒక స్టూలు వేయించి ఆయన్ని దానిమీద కూర్చోబెట్టాడు. హాజరు పడుతుంది, జీతం వస్తుంది, పని మాత్రం ఉండదు. క్యాంటీనుకు పోయేవాళ్లంతా ఆయన్ని చూసుకుంటూ పోవాల్సిందే.

వారం ఓర్చుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నన్ను నా మిషను కాడికి పంపీమని యాడ అడగల్ల సార్? లేబర్ ఆఫీసుకు పోదామనుకుంటాండా."

కుర్చీలో వెనక్కి వాలి పాఠం చెప్పాను. పనిలోంచి తీసేస్తే నువ్వొక్కడివే పోవచ్చు, చట్టం వింటుంది. తీసేయకుండా ఇలా కూర్చోబెడితే అది నీ ఒక్కడి గొడవ. యూనియనో, తగినంతమంది తోటి కార్మికులో ఇది మా అందరి గొడవ అని సంతకాలు పెడితేనే అది పారిశ్రామిక వివాదం అవుతుంది. మా యూనియన్ ఎటూ మేనేజరు జేబులోనే ఉంది. ఇక మిగిలింది సంతకాలే.

"అందురూ మనోళ్లే గదా సార్," అంటూ సంతోషంగా వెళ్లాడు.

నెలరోజులు కాగితం పట్టుకుని తిరిగాడు. ఎవరూ కాదనలేదు, అంత మర్యాదస్తులు మావాళ్లు. "రెండో సంతకం నాదేన్నా, ఫస్టు ఎవురితోనన్నా పెట్టిచ్చుకోని రా," అన్నారు అందరూ. ఎవరి చెయ్యి కోసం క్రషర్ ఆపాడో ఆ హెల్పరు కూడా అదే మాట అన్నాడు.

చివరికి ఖాళీ కాగితం నా బల్లమీద పెట్టాడు. "గుమాస్తా గూడా కార్మికుడేనని మీరే జెప్పినారు. ఫస్టు మీరు పెట్టండి సార్. మిగతావి నేను పెట్టిచ్చుకుంటా."

రేపు చూద్దామన్నాను.

ఆ మధ్యాహ్నమే మేనేజరు పిలిచాడు. కాగితం సంగతి తెలిసి మండిపడుతున్నాడు. "డిస్మిస్ చేసి పారేద్దామా?" అని అడిగాడు.

"వద్దు సార్," అన్నాను. "తీసేస్తే ఒక్కడే కేసు వేసుకోగలడు. స్టూలు మీదే ఉంటే ఎక్కడికీ పోలేడు."

మేనేజరు నన్ను కూర్చోమని టీ తెప్పించాడు. తొమ్మిదేళ్లలో ఆయన ఎదుట నేను కూర్చోవడం అదే మొదలు. టీ చాలా బాగుంది, ఇప్పుడు అబద్ధమెందుకు?

తర్వాత ఆపరేటరు తనను పనిలోంచి తీసేసేలా చేయడానికే ప్రయత్నించాడు. జీపుకు అడ్డం నిలబడి మేనేజర్ని అమ్మా ఆలీ అని బూతులు తిట్టాడు. మేనేజరు నవ్వి, స్టూలు ఇంకాస్త ఎండలోకి జరపమని వాచ్‌మన్‌కు చెప్పాడు.

"ఎంత తిట్టినా తీసేయరేమి సార్ వీళ్లు?" అని నన్నే వచ్చి అడిగాడు. నేను రిజిస్టరులో ఆయనకు ఆరోజు హాజరు వేశాను.

మే నెలలో రాజీనామా రాసిపెట్టమని వచ్చాడు. మనిషి సగమయ్యాడు. నేనే రాశాను. 'ఎవరి ఒత్తిడీ లేకుండా స్వచ్ఛందంగా' అనే మాట ఆయన చెప్పలేదు, నేను చేర్చాను. ఆ మాటతో, బలవంతంగా వెళ్లగొట్టారని రేపు ఒంటరిగా పోయి చెప్పుకునే దారి కూడా మూసుకుపోతుందని నాకు తెలుసు. ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు.

"దీనికైనా నా ఒక్కని సంతకం సాల్తాది గదా సార్?"

"చాలదు, సాక్షి ఉండాలి," అన్నాను. ఆయన పేరు కింద రెండో సంతకం నేనే పెట్టాను.