డబుల్స్ దాకా చూసిన రోజు

డాలీగంజ్‌లోని మా కొట్లో ఆ రోజు అమ్మా నేనూ ఫోన్లో టెన్నిస్ చూశాం. దేశాల జట్లు తలపడే మహిళల పోటీ అది. రెండు సింగిల్స్, ఒక డబుల్స్. అందులో రెండు గెలిచిన జట్టుదే గెలుపు. అమ్మ టెన్నిస్ చూడటం అదే మొదటిసారి.

మొదటి మ్యాచ్‌లో మన అమ్మాయి ఓడిపోయింది. ఆమె కోర్టు బయటికి రాగానే జట్టులోని వాళ్లంతా లేచి దగ్గరికి తీసుకున్నారు.

"ఓడిపోయింది కదే, అలా పట్టుకుంటన్నారేటి?" అంది అమ్మ.

"ఒకే టీమ్ కదమ్మా."

అమ్మ ఫోన్ మీంచి చూపు తిప్పి నా వైపు చూసింది. "స్కూల్ షటిల్ ఆటలో నువ్వు ఓడిపోయినప్పుడు నేను బస్సులో నీతో మాట్లాడనేదు. గుర్తుందా?"

"గుర్తుంది," అన్నాను. అప్పుడు నాకు పదమూడేళ్లు. ఆట జరిగిన డెలానీపూర్ నుంచి ఇంటిదాకా అమ్మ కిటికీలోంచి బయటికే చూసింది. ఆ తర్వాత నేను రాకెట్ పట్టలేదు.

"తప్పు చేసేనే," అంది.

ఫోన్‌ను ఆమె వైపు ఇంకొంచెం జరిపాను.

రెండో మ్యాచ్ మనవాళ్లు గెలిచారు. డబుల్స్ సగంలో ఒకతను సబ్బు కోసం వచ్చాడు.

"భయ్యా, థోడా రుకో, మ్యాచ్ చల్ రహా హై," అని కాస్త ఆగమంది అమ్మ.

అతను కూడా నిలబడి చూశాడు. మన జంట గెలిచింది. అమ్మ అతనికి సబ్బిచ్చి, "రేపూ ఉంటాదా?" అని నన్నడిగింది.

"ఉంటుంది, వేరే దేశంతో."

"అయితే రేపు కొట్టు నువ్వు చూసుకో," అంది.