ఖాళీ కొట్టు నాటకానికి మాటందించినావిడ

స్టేజి పక్కన తెర చాటున నిలబడి, నటులు మరిచిపోయిన మాట అందించడం ఆవిడ పని. ప్రాంప్టర్ అంటారు. నాటకాలవాళ్లంతా అక్కయ్యా అని పిలిచినా, నిజంగా ఆవిడ అక్క అయింది ఒక్కడికే. ఆ ఒక్కడే హీరో. చిన్నతనంలో తొలిసారి ముఖానికి రంగు పూసుకుని స్టేజి మీద వాడు బిక్కమొహం వేస్తే, పక్కనుంచి మాట చెప్పింది ఆవిడే. అప్పట్నుంచీ అదే వరస. వాడికి చప్పట్లు, ఆవిడకి గొంతునొప్పి. పగలు బట్టలు కుట్టేది, సాయంత్రం మాటలు అతికేది. బడికి పోయింది తక్కువే గానీ, నాటకం రెండుసార్లు వింటే మొత్తం నోటికొచ్చేది. ఎవరైనా మెచ్చుకుంటే కాదనేది కాదు. ఉన్నదాన్ని కాదనడం దేనికి?

తమ్ముడు మాట మరిచిపోయాడనడానికి ఆవిడకో గుర్తుండేది. బొటనవేలితో ఉంగరం వేలు రుద్దుకునేవాడు. అది కంటబడీ పడకముందే మాట వాడి చెవిలో పడేది. జనానికి చీమ చిటుక్కుమన్నట్టు కూడా ఉండేది కాదు.

ఈ మధ్య ఆ రుద్దుకోవడం ఎక్కువైంది. ఇంట్లో కూడా మొదలైంది. టీ తాగేసిన గ్లాసు చేతిలో పెట్టుకుని, "టీ ఇవ్వవేం?" అని పెళ్లాం మీద ఎగిరాడు. వయసులే అని మరదలు సరిపెట్టుకుంది. అక్క సరిపెట్టుకోలేకపోయింది. నోరు విప్పితే మాత్రం వాడికి వేషం ఎవడిస్తాడు? వేషం లేకపోతే వాడు పొద్దున్నే మంచం కూడా దిగడు. గుట్టు కడుపులో పెట్టుకుంది. పెట్టుకున్న దగ్గర్నుంచీ ఆవిడకి అన్నం సహించలేదు.

అప్పుడొచ్చాడు కొత్త డైరెక్టరు. కుర్రవాడు, మొహానికి మించిన కళ్లజోడు. వాడు తెచ్చిన నాటకంలో కథే లేదు. ఒక కొట్టు ఉంది, కొట్టులో సరుకు లేదు. కొట్టువాడు ఖాళీ తక్కెడ తూస్తుంటాడు, కొనేవాడు బేరమాడుతుంటాడు.

"తగ్గించు."

"ఏమీ లేదుగా, ఏం తగ్గించను?"

"ఏమీ లేదనేగా తగ్గించమంటున్నాను!"

అంతే. మధ్యమధ్య ఇద్దరూ నోళ్లు మూసుకుని ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు.

"ఇదేం నాటకం, నాయనా?" అని అక్క అడిగింది.

"అసంబద్ధ నాటకం, పెద్దమ్మా. పెద్ద యుద్ధమయ్యాక దూరదేశాల్లో పుట్టింది. అన్ని లక్షలమంది చచ్చిపోయాక, అసలీ బతుక్కి అర్థముందా అని అనుమానమొచ్చింది జనానికి. మనిషి అడుగుతాడు, లోకం పలకదు. పలకదని తెలిసీ అడగడం మానడు. సరుకు లేదని తెలిసీ ఈ కొట్టువాడు పొద్దున్నే తలుపు తెరవడం లేదూ, అదీ మన బతుకు."

"పలకదని మా అమ్మమ్మకీ తెలుసు. టికెట్టు మాత్రం పెట్టలేదు."

కుర్రవాడు పకపకా నవ్వాడు. ఆ వెంటనే, "ఈ నాటకానికి మౌనాలే ప్రాణం, పెద్దమ్మా. మౌనంలో మీ గొంతు వినబడిందో, నాటకం చచ్చినట్టే," అన్నాడు.

అంతటితో పోతే బాగుండేది. రిహార్సల్లో వాడి కన్ను, కొట్టువాడి వేషం వేస్తున్న తమ్ముడి వేలి మీద పడింది. "అబ్బ! ఆ వేలు రుద్దుకోవడం ఎంత బాగుంది, మాస్టారూ! ప్రతి మౌనంలోనూ అలాగే చెయ్యండి."

తమ్ముడు పొంగిపోయాడు. ఇక వాడు మరిచిపోయినా వేలే, మరిచిపోకపోయినా వేలే. ఆవిడకున్న ఒక్క దీపమూ ఆర్పేశాడు మహానుభావుడు.

నాటకం రోజు హాలు నిండింది. మొదటి మౌనం గడిచింది, తమ్ముడు మాట అందుకున్నాడు. తర్వాతిదీ గడిచింది. గడిచిన ప్రతిసారీ ఆవిడ ప్రాణం పోయి వచ్చింది.

కొనేవాడి వేషం వేసిన బక్కాయన, "పొట్లం కట్టవా?" అన్నాడు. ఇక్కడ మౌనం. దాని తర్వాత తమ్ముడు "దేంట్లో కట్టను?" అనాలి. తమ్ముడు వేలు రుద్దుకున్నాడు. ఇంకా రుద్దుకున్నాడు. అందిస్తే నాటకం చస్తుంది, అందించకపోతే తమ్ముడు చస్తాడు. తెర చాటు నుంచి వాడి చెవి తప్ప కళ్లు కనబడటం లేదు. అంతలో బక్కాయన గుటక మింగాడు. రాసిపెట్టిన మౌనంలో ఎవడైనా గుటక మింగుతాడా?

"దేంట్లో కట్టను?" అని అందించింది.

తమ్ముడు ఆవిడ వైపు తిరిగాడు. తేరిపార చూశాడు. "ఎవరమ్మా నువ్వు? నీకేం కావాలి?"

హాలంతా గొల్లున నవ్వింది.

"అక్కనిరా!" ఆవిడకి తెలీకుండానే వచ్చేసింది, పెద్దగా.

"అక్కలకి అరువు లేదు," అని తమ్ముడు మళ్లీ తక్కెడ పట్టుకున్నాడు. చప్పట్లే చప్పట్లు. బక్కాయన ఎలాగో నాటకాన్ని ఒడ్డుకు చేర్చాడు.

తెర పడగానే మేకప్ గదికి పరిగెత్తింది. "నన్ను ఎవరన్నావేంరా?"

"నిన్నా?" తమ్ముడు రంగు తుడుచుకుంటున్నాడు. "నువ్వు స్టేజి మీదికి ఎప్పుడొచ్చావే?"

వెటకారం లేదు ఆ మొహంలో. వెతికి చూసింది, లేదు.

బయట డైరెక్టరు ఎగిరి గంతులేస్తున్నాడు. "అదరగొట్టారు, పెద్దమ్మా!"

"అది నాటకం కాదు, నాయనా. వాడికి మతి తప్పుతోంది." పుట్టి బుద్ధెరిగాక ఎవరి దగ్గరా తల దించని మనిషి, ఆ మాట నేల చూస్తూ చెప్పింది.

కుర్రవాడి గంతులు ఆగిపోయాయి. "అయితే రేపు ఇంకొకర్ని..."

"ఇంకొకర్ని పెడితే వాడు మంచానికి అతుక్కుపోతాడు. రేపు నేను చాటున నిలబడను. కొట్టులోనే, వాడి పక్కనే కూచుంటాను."

"ఎవరిగా?"

"అక్కగా. కాకపోతే మహారాణిగానా?"

"నాటకంలో అక్క లేదుగా, పెద్దమ్మా!"

"సరుకూ లేదు. అది నీకేమైనా అడ్డొచ్చిందా?"

వాడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక్కరోజు చూద్దాం. కుదరకపోతే మాత్రం..." అని ఆపేశాడు.

ఆపిన మాటేమిటో ఆవిడకి తెలుసు. ఓ స్టూలు పట్టుకుని స్టేజి మీదికి నడిచింది. తమ్ముణ్ణి పిలిచి తక్కెడ దగ్గర నిలబెట్టింది. ఎంత దగ్గరుంటే తన పిలుపు వాడికి అందుతుందో చూద్దామని, తను కాస్త ఎడంగా కూచుని, గొంతు తగ్గించి, "ఒరేయ్," అంది. వాడు తిరగలేదు. స్టూలు వాడి వైపు జరిపింది. "ఒరేయ్." ఉహూఁ. ఇంకాస్త జరిపింది.