చల్లారిన డప్పు

శాలినికి కోపం ముక్కు మీద ఉంటుందని, గవర్నర్‌పేటలో ఆమె పనిచేసే స్టూడియో ఉన్న మేడ మొత్తానికీ తెలుసు. కింద హోల్‌సేల్ బట్టల కొట్టువాళ్ళు షట్టరు దభీమని దించినా, ఎదురు లాడ్జి ముందు ఆటోవాడు హారన్ మీంచి చెయ్యి తీయకపోయినా రెండో అంతస్తు కిటికీలోంచి ఆమె తల బయటికొస్తుంది. ఆ తర్వాత వచ్చే మాటలకు భయపడి మూలనున్న టీ కొట్టతను గ్లాసులు కూడా చప్పుడు కాకుండా కడుగుతాడంటారు. అది కాస్త కల్పించి చెప్పిన మాటే కావచ్చు. కోపం మాత్రం నిజం.

ఆమె నాన్న ఇశ్రాయేలు ఉయ్యూరులో మైకుసెట్టు నడిపేవాడు. పెళ్ళిళ్ళకీ ప్రార్థన కూటాలకీ ఎన్నికల మీటింగులకీ హారన్లు కట్టేవాడు. బడి లేని రోజుల్లో వైర్ల చుట్టల మధ్య కూర్చుని పెరిగిన పిల్ల, ఏ మైకు ఎక్కడ పెడితే కీచుమంటుందో ఎక్కాల కంటే ముందే నేర్చుకుంది. ఇప్పుడామెకు ముప్పై నాలుగేళ్ళు. పదకొండేళ్ళుగా రికార్డిస్టు. అయినా పాటలు చేయించుకోవడానికి వచ్చేవాళ్ళు ఆమెను చూసి "సార్ లేరామ్మా?" అని అడుగుతారు. ఒళ్ళు మండక ఏం చేస్తుంది?

ఆమెకొక మొండితనం ఉంది. వాద్యాలన్నిటినీ తెచ్చి ఒకే గదిలో ఒకే మైకు ముందు కూర్చోబెడతానంటే ఒప్పుకోదు. మైలవరం బసవపున్నయ్య గారి సన్నాయిని ఆయన మామిడితోటలోనే, పది అడుగుల దూరంలో సన్నటి మైకు పెట్టి రికార్డు చేసింది. దగ్గరగా పెడితే ఊపిరి తప్ప పాట వినబడదని ఆమె వాదన. చర్చి హార్మోనియాన్ని ఖాళీ చర్చిలోనే, మిట్టమధ్యాహ్నం తలుపులు మూయించి రికార్డు చేసింది. ఒక మైకు తిత్తుల వెనక, ఇంకొకటి చివరి బెంచీ మీద. స్టూడియో యజమాని సిద్ధార్థకు ఇదంతా చాదస్తం. "శాలిని గారూ, అన్నీ కీబోర్డులో ఉన్నాయి కదండీ!" అంటాడు. మనిషి మంచివాడే. కానీ ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు కీబోర్డును కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరేయాలనిపిస్తుంది.

అలాంటి మనిషి, శౌరయ్య డప్పును మాత్రం స్టూడియోకే రప్పించింది. కారణం ఆశ. సిద్ధార్థ ఆ నెలలోనే ఒక పెద్ద మైకు తెప్పించాడు. తేమ తగిలితే పాడైపోతుంది కాబట్టి అది ఏసీ గది గడప దాటడానికి వీల్లేదు. దాని ముందు డప్పు ఎలా పలుకుతుందో వినాలని శాలినికి కొత్త బొమ్మ దొరికిన పిల్లంత ఆత్రం.

శౌరయ్యది ఉయ్యూరు పక్కన చిన్న పేట. డెబ్బై ఏళ్ళ మనిషి. అక్కడి కతోలిక గుడి పండగ ఊరేగింపులో నలభై ఏళ్ళుగా ముందు వరసలో కొట్టేది ఆయనే.

డప్పు తోలుకు నిప్పు సెగ చూపిస్తేనే బిగుసుకుంటుంది. వేడి దిగితే నాదం పోతుంది, మళ్ళీ సెగ చూపించాలి. ఈ సంగతి పేటలో పసిపిల్లలకు తెలుసు. శాలినికీ తెలుసు. ఆ రోజు శౌరయ్య రోడ్డు పక్కన నాలుగు అట్టపెట్టెలు మండించి, డప్పు కాచుకుని, వాచ్‌మన్ చేత తిట్లు తిని పైకొచ్చాడు. గదిలో అడుగుపెట్టి వేలితో మీటితే డప్పు ఖంగుమంది. ఆమె వెంటనే రికార్డు చేయాల్సింది. చేయలేదు. కొత్త మైకును జానెడు వెనక్కి జరిపింది, బెత్తెడు పక్కకు జరిపింది. దానికి తోడు డప్పు వెనక ఒకటి, గోడ దగ్గర ఒకటి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. నలభై నిమిషాలు. ఏసీ పద్దెనిమిదిలో నడుస్తోంది.

చివరికి కొట్టమన్నప్పుడు డప్పు తడిసిన అట్టలా పలికింది. శౌరయ్య ఇంకా గట్టిగా కొట్టాడు, ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. "ఒక్కసారి కిందకెళ్ళి కాచుకొస్తానమ్మాయ్" అన్నాడు. అద్దానికి ఇవతల, డప్పు కావాల్సిన పాట చేయించుకుంటున్న ముగ్గురు గాయకులూ వాచీలు చూసుకుంటున్నారు. లోపలికి వినిపించే మైకు ఆన్‌లో ఉన్న సంగతి మరిచిపోయి సిద్ధార్థ వాళ్ళతో అనేశాడు: "పెద్దాయన చెయ్యి పడిపోయిందండీ. వయసైపోయింది కదా. కీబోర్డుతో కానిచ్చేద్దాం."

హెడ్‌ఫోన్లలో ఆ మాట శౌరయ్య విన్నాడు. విని శాలిని వైపు చూశాడు. ఆమె కంప్యూటర్లోంచి తల ఎత్తలేదు.

వారం తర్వాత, పండగ ఇంకా రెండు రోజులుందనగా శౌరయ్య మేనల్లుడు లాజరు ఫోన్ చేశాడు. అతను కూడా డప్పు జట్టులో వాడే.

"శాలినక్కా, ఏం చేశారు మా మావయ్యని? డప్పు అటకెక్కించేశాడు. డప్పు చల్లారిందనుకున్నా, కాదంట, నా చెయ్యే పడిపోయిందంట, చదువుకున్నోళ్ళే చెప్పారు, మీరు కొట్టుకోండిరా అంటన్నాడు. ఆయన లేకుండా ఊరేగింపెట్టా లేస్తది? అన్నం కూడా సరిగ్గా తినటంలా."

శాలినికి అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా సిద్ధార్థ గదిలోకి వెళ్ళి, పాట వినడానికి వచ్చిన ఆ ముగ్గురు గాయకులు అక్కడే ఉన్నా లెక్కచేయకుండా గుక్క తిప్పుకోకుండా కడిగేసింది. నోటికి ఎంత మాటొస్తే అంతా అనేయడమేనా అంది. నలభై ఏళ్ళు కొట్టిన చేతిని ఒక్క మాటతో తీసిపారేస్తారా అంది. సిద్ధార్థ అంతా విన్నాడు.

"నేనన్నది తప్పేనండీ," అన్నాడు. "డప్పు సంగతి నాకేం తెలుసు? మీకు తెలుసు కదా. పక్కనే కూర్చుని మీరెందుకు చెప్పలేదు?"

అప్పుడే చెబితే డప్పును చల్లార్చింది తన నలభై నిమిషాలేనని శాలిని ఒప్పుకోవాల్సొచ్చేది. అదీ, రికార్డింగు నాటి ఉదయమే "సార్ లేరామ్మా?" అని అడిగిన ఆ ముగ్గురి ముందు. తన పరువు నిలుపుకోవడానికి ఒక ముసలాయన చెయ్యి పడిపోయిందన్న అబద్ధాన్ని అలా వదిలేసింది. పదకొండేళ్ళుగా ప్రపంచం మీద పడ్డ కోపమంతా ఒక్కసారి తన మీదికి తిరిగింది. తనను తాను చెంపదెబ్బ కొట్టుకోవాలన్నంత అసహ్యం వేసింది.

మైకుల సంచీ భుజాన వేసుకుని ఉయ్యూరు బస్సెక్కింది.

శౌరయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రమ్మనలేదు, కూర్చోమనలేదు. ఆయన భార్య అమలమ్మ మాత్రం మంచినీళ్ళిచ్చింది.

"తాతా, నీ చెయ్యికి ఏమీ కాలేదు," అంది శాలిని. "మైకులు సర్దుతా సర్దుతా డప్పు చల్లార్చేసింది నేను. నాకప్పుడే తెలుసు."

శౌరయ్య మంచం మీంచి లేచాడు. "తెలుసా? తెలిసి నోరు మూసుకు కూర్చున్నావా?" ఆయన గొంతుకి పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. "వారం రోజుల్నించి ఈ చేతినే చూసుకుంటన్నానే! అన్నం కలుపుతా కూడా చూసుకుంటన్నా, వణుకుతుందేమో అని. ఇప్పుడొచ్చి నా ఒక్కడికి చెబితే సరిపోద్దా? నలుగురి ముందు పోయింది నా పరువు!"

అమలమ్మ లోపలికెళ్ళింది. స్టూలెక్కి అటక మీంచి డప్పు దించింది. వాకిట్లో ఎండు కొబ్బరాకు పోగేసి అగ్గిపుల్ల గీసింది. "కాచుకోవయ్యా," అంది.

ఆయన కదల్లేదు. శాలిని సంచీ కింద పెట్టి ఫోన్ తీసింది.

"సిద్ధార్థ గారూ, వాళ్ళు ముగ్గురూ ఉన్నారా ఇంకా? ఫోన్ స్పీకర్లో పెట్టండి. అందరూ వినండి. శౌరయ్య తాత చెయ్యి పడిపోలేదు. డప్పును నేను చల్లార్చాను. నాకు తెలిసి కూడా చెప్పలేదు. మీ ముందు చులకనైపోతానని చెప్పలేదు." పక్కింటివాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. అవతల ఎవరో దగ్గారు.

"కట్ చెయ్యమాకు," అన్నాడు శౌరయ్య. డప్పు అందుకుని మంట మీద అటూ ఇటూ తిప్పాడు. వేలితో మీటి చూశాడు, మళ్ళీ తిప్పాడు. ఖంగుమనగానే పుల్లలు పట్టుకుని ఫోన్‌కు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

కొట్టాడు. వారం రోజుల కోపమంతా ఆ తోలు మీదే తీర్చుకున్నాడు. చూరు మీది పావురాలు లేచిపోయాయి. అంత చిన్న ఫోన్ మైకు ఆ దెబ్బలకు తట్టుకోలేదనీ, అవతల వాళ్ళకు బరబరమని తప్ప ఏమీ వినబడదనీ శాలినికి తెలుసు. సంచీలో మూడు మంచి మైకులున్న సంగతి ఆమెకు గుర్తే రాలేదు. చెయ్యి లాగుతున్నా ఫోన్ దించకుండా నిలబడింది.

శౌరయ్య ఆపి, చెమట తుడుచుకుని, ఆయాసం తీరేదాకా ఆగాడు.

"ఎల్లుండి ముందు వరసలో నేనే ఉంటానని లాజరుకి చెప్పు," అన్నాడు. "నీ మీద కోపం మాత్రం పోలేదమ్మాయ్."

"పోనియ్యొద్దు తాతా," అంది శాలిని.