నిమిషానికి ఇరవై రెండు లీటర్లు

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, బగారన్నం తిని, అక్కా నేనూ ముందు గదిలో చాప మీద కూర్చున్నాం. అక్క అంటే మా పెదనాన్న కూతురు. అండమాన్‌లో స్కూబా డైవింగ్ నేర్పుతుంది. ఎండాకాలంలో నెక్కొండకు, వాళ్ల ఇంటికి వస్తే, రైలెక్కి వరంగల్లో మా దగ్గరకూ వచ్చి రెండు రోజులు ఉంటుంది. నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. సెలవులు కూడబెట్టుకుని నాలుగుసార్లు అక్క దగ్గరికి వెళ్లి డైవింగ్ నేర్చుకున్నాను. నీళ్ల కింద ఎవరూ మాట్లాడరు. నాకు అది చాలా నచ్చింది.

వానలు పోయాక ఇద్దరం నలభై మీటర్ల లోతుకు దిగాలనుకున్నాం. అంత లోతున ఒంట్లో నైట్రోజన్ చేరుతుంది. వచ్చేటప్పుడు మధ్యలో ఆగి ఆగి దాన్ని వదిలించుకోవాలి. గాలి అయిపోయిందని తిన్నగా పైకి వచ్చేయడానికి ఉండదు. అందుకే ఎన్ని సిలిండర్లు, ఎంత గాలి అన్నది ఒడ్డునే తేల్చుకోవాలి.

"వీపుకు జంట సిలిండర్లా, పక్కలకు చెరొకటా?" అని అడిగింది అక్క.

"పక్కలకే. నీళ్లల్ల దిగినంక ఒక్కోటి తగిలించుకోవచ్చు. నడుముకు బరువుండదు."

"నడుము కోసం కాదే. జంట సిలిండర్లయితే బోటు మీద ఎవరినన్న జర పట్టుమని అడగాలె. నీకు సిగ్గు. గంతేనా?"

వంటింట్లోంచి అమ్మ నవ్వింది. "బస్సు ఆపుమని అడిగెతందుకు సిగ్గయి రెండు స్టాపులు దాటినంక దిగుతది బిడ్డా అది. సముద్రంల ఏం జేస్తదో!"

పక్కలకు పన్నెండు లీటర్ల సిలిండర్లు రెండు ఖాయమయ్యాయి. రెండు వందల బార్ ఒత్తిడికి నింపితే మొత్తం నాలుగు వేల ఎనిమిది వందల లీటర్లు. అందులో ఒక వంతు అడుగున ఉండటానికి, ఒక వంతు పైకి రావడానికి. మూడో వంతు ముట్టుకోకూడదు, పక్క మనిషికి గాలి పోతే ఇవ్వడానికి అది. వీటికి తోడు సగం ఆక్సిజన్ నింపిన చిన్న సిలిండర్ ఇంకొకటి. దాన్ని ఇరవై ఒక్క మీటర్ల వరకు పైకి వచ్చాకే నోట పెట్టుకోవాలి. ఇంకా లోతున అది విషం.

"ఇగ చెప్పు, నిమిషానికి నీ గాలి ఎంత?"

"పదహారు లీటర్లు," అన్నాను.

అది అబద్ధం. కిందటిసారి బోటు మీద అందరూ ఎవరి లెక్క వాళ్లు పైకి చెప్పారు. పద్నాలుగు, పదిహేను, పదహారు. నాది ఇరవై రెండు వచ్చింది. భోజనాల బంతిలో నేనొక్కదాన్నే రెండోసారి అన్నం అడిగినట్టనిపించి, నేనూ పదహారే అన్నాను. ఇరవై రెండు నా డైరీలో మాత్రమే ఉంది.

నలభై మీటర్ల దగ్గర గాలి అయిదింతలు ఖర్చవుతుంది. అక్క పెన్సిల్‌తో పదహారును అయిదుతో, ఆపైన ఇరవై నిమిషాలతో గుణించింది. పదహారు వందలు. సరిగ్గా మూడో వంతు.

"చూసినవా, కొలిచి కుట్టిచ్చినట్టు సరిపోయింది!" అంటూ సంబరంగా చాప మీద వాలి, కాసేపటికే నిద్రపోయింది.

నేనూ వెల్లకిలా పడుకున్నాను. కూలర్ గడ్డి వాసన గదంతా నిండింది. వరండాలో అమ్మ పెట్టిన బకెట్ నీళ్ల మీద ఎండపడి, ఆ వెలుగు పైకప్పు మీద అలలు అలలుగా కదులుతోంది. కింద నుంచి చూస్తే సముద్రం పైభాగం అలాగే ఉంటుంది. చూస్తూ చూస్తూ దిగిపోయాను. వెలుగు పలచబడి నీలమైంది. ఎర్రటివన్నీ బూడిదరంగయ్యాయి. ముందు అక్క టార్చి వెలుగు నిదానంగా పోతోంది. పద్నాలుగు నిమిషాలు గడిచాయి. నా మూడో వంతు అయిపోయింది. అక్క మాత్రం ఇంకా ఆరు నిమిషాలుందని ముందుకే పోతోంది. ఆమె ముట్టకుండా దాచింది పదహారు పీల్చే మనిషి కోసం. అది నాకు చాలదు. ఇద్దరం ఆరు మీటర్ల దగ్గర ఒక్క సిలిండర్ మీద వేలాడుతున్నాం, పైన బోటు కనబడుతోంది, పోలేం.

లేచి కూర్చున్నాను. చెబితే తీసుకుపోదేమో. ఆ నీలం ఇక చూడనేమో. అయినా బీరువాలోంచి డైరీ తీసి, ఆ పేజీ తెరిచి, అక్క భుజం తట్టాను. నా డైరీ అప్పటివరకు ఎవరూ చూడలేదు.

అక్క కళ్లు నులుముకుంటూ చదివి మొదట నవ్వింది. తర్వాత నవ్వలేదు.

"ఇరవై రెండా? మరి పదహారని ఎందుకన్నవే?"

"సిగ్గయింది."

"సిగ్గుతోని ఇద్దరం సత్తుంటిమి." డైరీ మూసి నా చేతిలో పెట్టింది. "నేను గూడ నీ గాలి గేజ్ చూడాల్సింది. నా తప్పు గూడ ఉన్నది."

"తీస్కపోవా ఇగ?"

"తీస్కపోత. ముందుగాల నా కండ్ల ముందట మూడుసార్లు కొలవాలె. ఎంతొస్తే అంత. ఎక్కువ పీల్చుడు నేరం గాదే, తక్కువ నిమిషాలుంటం, గంతే."

నవంబర్‌లో అండమాన్ పోయినప్పుడు మూడుసార్లు కొలిచింది. ఒకసారి ఇరవై మూడు కూడా వచ్చింది. దాన్నే పెట్టుకుని, అడుగున ఉండే సమయం పదమూడు నిమిషాలకు కుదించింది.

నలభై మీటర్లకు దిగిన రోజు కింద నీటివాలు బలంగా ఉంది. ఎదురీదుతూ ఎక్కువ పీల్చాను. పదకొండో నిమిషానికే గేజ్ ముల్లు నూట ముప్పై అయిదు బార్ దగ్గరకు వచ్చింది, అడుగున ఉండాల్సిన వంతు అయిపోవచ్చింది. అక్క ఒక పెద్ద పగడపు గడ్డ వైపు పోతోంది, దాని చుట్టూ చేపలు మేఘంలా తిరుగుతున్నాయి. ఒక్క నిమిషం ఆగుదామనిపించింది. ఆగలేదు. టార్చి వెలుగును ఆమె ముందు ఇటూ అటూ ఆడించాను. తిరిగింది. బొటనవేలు పైకి చూపించాను. పైకి పోదాం అని.

అక్క చేపల వైపు చూడలేదు. తన బొటనవేలూ పైకెత్తింది.

ఇరవై ఒక్క మీటర్ల దగ్గర ఎవరి చిన్న సిలిండర్‌కు వాళ్లం మారాం. ఆరు మీటర్ల దగ్గర తాడు పట్టుకుని ఎదురెదురుగా ఆగాం. నా బుడగలు ఆమెవాటికన్నా గుంపులు గుంపులుగా పైకి పోతున్నాయి. అక్క వాటిని వేలితో చూపించి, మాస్కు వెనక కళ్లతో నవ్వింది. ఇంకా నాలుగు నిమిషాలుండాలి. గాలి ఉంది.