బల్లకట్టు మీద రెండు సీట్ల కారు

మా చిన్నప్పుడు, అరవైల్లో ఓ ఎండాకాలం మధ్యాహ్నం, నాన్నగారు ఇంకా కొనని కారు ఆయనతో, నాతో సహా కృష్ణ పాయలోకి జారబోయింది... నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

నాన్నగారు బందరులో డాక్టరు. అప్పటిదాకా సైకిలే. మొదటి కారు కొందామనుకున్నప్పుడు రెండు పాతబండ్లు చూశారు. ఒకటి ఎత్తుగా, నలుగురు పట్టే నల్లకారు. రెండోది పందేల బండి లాంటిది... ఎర్రగా, పైకప్పు లేకుండా, రెండే సీట్లతో, నేలకి జానెడు ఎత్తులో. నాన్నగారి కళ్ళు దాని మీదే.

"అందులో కూర్చుంటే రోడ్డు మీద చాపేసుకు కూర్చున్నట్టుందండీ. వీణ్ణి ఎక్కడ పెడతారు, డిక్కీలోనా?" అంది అమ్మ.

"నీ ఒళ్ళో" అన్నారు నాన్నగారు.

నడిపి చూడమని అమ్మేవాడు ఒకరోజుకి ఆ ఎర్రబండి ఇచ్చాడు. "కాలి బ్రేకు కాస్త మెత్తనండి. చేతి బ్రేకు మాత్రం గట్టిది" అన్నాడు. దివిసీమలో అమ్మమ్మగారి ఊరు బయల్దేరాం. దారంతా నాన్నగారి ఎడమచెయ్యి ఆ బ్రేకు మీదే ఉంది.

మధ్యలో పాయ దాటాలి. అప్పటికి వంతెన లేదు, బల్లకట్టే... రెండు పడవల మీద బల్లలు పరిచి బండ్లనీ మనుషుల్నీ అవతలికి చేర్చేది. కారు దాని మీదికి ఎక్కింది. అమ్మ దిగి పక్కన నిలబడింది. నేను దిగనన్నాను. నాన్నగారు ఇంజను ఆపి, చేతి బ్రేకు లాగి కూర్చున్నారు.

వెనక నుంచి బల్లకట్టు నడిపే సరంగు కేకేశాడు. "వదలండీ!"

ఒడ్డున మోకు పట్టుకున్న మనిషికి చెప్పిన మాట అది. నాన్నగారు తనకే అనుకున్నారు. బ్రేకు వదిలేశారు.

బల్లకట్టు ముందుకి వాలింది. కారు కదిలింది. నాన్నగారు కాలి బ్రేకు అడుగంటా తొక్కినా ఆగలేదు. చివర అడ్డంగా ఉన్న దుంగని ముందు చక్రాలు దాటేశాయి. నా ముందు ఇక బల్ల లేదు... బురదరంగు నీళ్ళే. బ్రేకు మీద ఉండాల్సిన చెయ్యి నా ఛాతీకి అడ్డంగా వచ్చింది. అమ్మ అరవలేదు. "ప్రభువా... ప్రభువా..." అంటున్న ఆవిడ గొంతు మాత్రం వినబడింది.

కర్రుమని చప్పుడు. కారు కడుపు దుంగకి పట్టుకుని ఆగింది.

"కదలకండి డాక్టరుగారూ! ఊపిరి కూడా గట్టిగా పీల్చకండి!" అన్నాడు సరంగు. అక్కడున్న వాళ్ళంతా వెనక నుంచి పట్టి లాగారు. తేలిక బండి, వచ్చేసింది.

"మోకు పట్టింది నాకు పిల్లనిచ్చిన మావండీ. అందుకే 'అండీ' అన్నాను. ఇంకొకడైతే 'వదలరా' అనేవాణ్ణి బాబూ..." అన్నాడు సరంగు.

అమ్మ నన్ను దింపింది. వంగి ఆ దుంగనీ, కారు కడుపునీ చూసింది.

"ఇదే తీసుకోండి. ఆ ఎత్తు బండైతే దాటిపోయేది" అంది. "బ్రేకు బాగుచేయించాకే."

అదే కొన్నారు. తర్వాత ఎన్నిసార్లు ఆ రేవు దాటినా చక్రాల కింద రాళ్ళు అమ్మే దగ్గరుండి పెట్టించేది. నన్ను దింపి, అవతలి ఒడ్డు వచ్చేదాకా రెక్క పట్టుకుని నిలబడేది. నాకు మీసాలొచ్చినా అంతే.

ఇప్పుడక్కడ వంతెన ఉంది. ఎవరూ దిగరు... ఎవరూ ఎవరి రెక్కా పట్టుకోరు. ఏరు దాటామన్న సంగతే తెలీదు.

మీ ఇంట్లో మొదటి బండి ఏది? దాన్ని చూసి ఎవరు భయపడ్డారు? రాయండి, చదువుతూ కూర్చుంటాను... నాకెలాగూ నిద్రపట్టేలా లేదు. రేపు పొద్దున మా మనవరాలు విజయవాడలో ఓ పాత రెండు సీట్ల కారు నడిపి చూస్తుంది. నచ్చితే అదే తన మొదటి కారు.

పక్క సీట్లో నన్ను కూర్చోమంది.