మూసిన కొట్లో మిగిలిపోయిన ఉద్యోగం

మాక్సీన్ టాస్కర్ ఇరవై ఆరేళ్ళు ఒకే కౌంటర్ వెనక నిలబడింది. ఫ్రీమన్ వీధిలోని ఆండ్రూల్లా ఫిష్ బార్, అంటే చేపలూ చిప్స్ వేయించి అమ్మే కొట్టు, తెలియనివాళ్ళు ఇంగ్లండు రేవుపట్నం గ్రిమ్స్‌బీలో తక్కువ. ఆ కొట్టు యజమానురాలు ఆండ్రూల్లాకి తెలియనివాళ్ళు అసలే లేరు. ఆవిడ గల్లాపెట్టె దగ్గర కూర్చునేది, ఆవిడ మొగుడు పానికోస్ నూనె దగ్గర నిలబడేవాడు, ట్రిష్ అనే ఇంకొకామె దుంపలు తరిగేది, మాక్సీన్ పొట్లాలు కట్టేది. ఎవరికి వెనిగర్ కారిపోయేలా పొయ్యాలి, ఎవరికి ఉప్పు చూపించకూడదు, ఎవరు హాడక్ చేప తోలు తీసేయమంటారు, అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. తలుపు తోసి మనిషి లోపలికి వచ్చేలోపే కాగితం పరిచేది.

ఆమెకొక మొగుడుండేవాడు. చమురు బావుల్లో పనికని అబర్డీన్ వెళ్ళి, అక్కడే ఒకావిడ దగ్గర ఉండిపోయాడు. అతని గురించి మాక్సీన్ చెప్పేది ఒక్కటే: "బూట్లన్నీ పట్టుకుపోయాడు, గుమ్మం ఖాళీ అయింది." పిల్లల్లేరు. రెండు గదుల అద్దె ఇల్లు, అందులో పంతొమ్మిదేళ్ళ కాపురం, ఒంటరిగా. అదే ఆమె ఆస్తి అనుకోండి.

పోయిన ఆగస్టులో ఆండ్రూల్లా చనిపోయింది. అక్టోబరులో వేపుడు పొయ్యి పాడైంది. "మూడు వారాల్లో తెరుస్తాం" అని పానికోస్ కాగితం రాసి తలుపుకి అంటించాడు. మూడు వారాలు కూర్చుని తినే స్థితి మాక్సీన్‌ది కాదు కాబట్టి రేవు దగ్గర చేపల ఫ్యాక్టరీలో చేరింది. చేరినప్పుడు ఒక ఫారం ఇచ్చారు. నీకు ఇదొక్కటే ఉద్యోగమా, ఇంకోటి కూడా ఉందా అని అడిగింది ఫారం. పానికోస్ మూడు వారాలన్నాడు కదా. ఇరవై ఆరేళ్ళ కొట్టుని కాదనడానికి ఆమెకి పెన్ను కదల్లేదు. ఇంకోటి కూడా ఉంది అన్న చోట టిక్కు పెట్టింది. ఆ రోజు ఆమె అబద్ధం ఆడలేదు. కష్టమంతా అక్కడే వచ్చిపడింది.

ఈ దేశంలో జీతగాళ్ళకి ఏడాదికి పన్నెండు వేల అయిదువందల డెబ్బై పౌన్ల దాకా పన్ను ఉండదు. కానీ ఆ మినహాయింపు మామూలుగా ఒక్క ఉద్యోగానికే అంటుకుంటుంది. రెండో ఉద్యోగంలో మొదటి పౌను నుంచే అయిదో వంతు కోసేస్తారు. ఏ ఉద్యోగానికి ఏది అన్నది జీతం చీటీ మీద మూలన టాక్స్ కోడ్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మాక్సీన్ మినహాయింపు మూసిన కొట్లో ఉండిపోయింది. పని చేసే ఫ్యాక్టరీ జీతంలో నెలకి రెండువందల తొమ్మిది పౌన్లు అదనంగా పోతున్నాయి.

"అబ్బో, రెండు ఉద్యోగాల మహారాణి!" అంది బెవ్, పక్కన నిలబడి చేపముక్కలు పేర్చే మనిషి, నవంబరు చీటీ చూసి. "ఒక ఉద్యోగానికే నా నడుం విరిగిపోతోంది. రెండోది ఎక్కడమ్మా, రాజభవనంలోనా?"

"చేపల కొట్లో."

"మూశారుగా?"

"మూశారు."

"మరి ఫోన్ చెయ్యి తల్లీ. ఊరుకుంటే ఇంకా లాగుతారు."

ఫ్యాక్టరీలో జీతాలు చూసే అమ్మాయిని అడిగితే, "మాకు పైనుంచి ఏ కోడ్ వస్తే అదే వేస్తామండీ, పన్నుల ఆఫీసుకి చెప్పండి" అంది. పన్నుల ఆఫీసు ఫోన్లో ఉంటుంది, మరెక్కడా ఉండదు. అరగంట భోజనం విరామంలో లాకర్ గదిలో నిలబడి ఫోన్ చెయ్యడం, ముప్ఫై నిమిషాల పాటు ఒకే సంగీతం వినడం, గంట కొట్టగానే పెట్టేసి మళ్ళీ లోపలికి పోవడం. నాలుగు రోజులు ఇదే జరిగింది. మనిషి సహనాన్ని కొలవడానికే ఆ సంగీతం పెట్టారని నాకు గట్టి అనుమానం. అయిదో రోజు ఆమె సగం రోజు జీతం వదులుకుని ఇంట్లో కూర్చుని చేసింది. ఎవరో స్కాట్లాండు కుర్రాడు, ఎంతో మర్యాదగా, "సరిచేసేశానండీ మిసెస్ టాస్కర్, ఇక చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

డిసెంబరు చీటీలో అదే కోడ్. జనవరిలో మళ్ళీ ఫోన్, మళ్ళీ సగం రోజు, ఈసారి మరొకడు, "అరె, ఇప్పుడే మార్చేశా" అన్నాడు. జనవరి చీటీలో అదే కోడ్.

వేరొకరైతే ఫోన్ గోడకేసి కొట్టేవాళ్ళు. మాక్సీన్‌కి కోపం కూడా రాలేదు. కోపం రావాల్సిన చోట తడిమి చూసుకుంటే ఏమీ తగల్లేదు. మంచుగడ్డల మీద పొద్దంతా చేపలు పేరిస్తే చేతులకి రెండు జతల గ్లవుజులున్నా సాయంత్రానికి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి; ఇంటికొచ్చి వేడినీళ్ళలో పెడితే కాసేపటికి మంటపుట్టి మళ్ళీ ప్రాణం వస్తుంది. ఆ చలికాలమంతా ఆమె మనసు ఆ మంట దాకా రాలేదు. అన్నం తిన్నట్టే తినేది, టీవీ చూసినట్టే చూసేది, ఏం చూశావంటే చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఇంటి యజమాని ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ నుంచి అద్దె ఎనభై పౌన్లు పెంచుతున్నాం, మార్చి ఆఖరులోపు సంతకం పెట్టండి, లేకపోతే ఖాళీ చెయ్యండి. ఆ రెండువందల తొమ్మిది చేతికొస్తే పెట్టగలదు. రాకపోతే స్కంథార్ప్‌లో చెల్లెలు వైవోన్ ఇంటికి పోవాలి. వైవోన్ పొద్దున్నే ఆరింటికి వాక్యూమ్ పెట్టి, ఏడింటికి లోకంలో అందరి తప్పులూ చదివే మనిషి. అక్కకి ఇవ్వడానికి ఆమె దగ్గరున్నది వ్యాయామం సైకిలు పెట్టుకున్న చిన్న గది. "సైకిల్ తీసేస్తాలే" అని కూడా అంది. ఆ మాటతోనే మాక్సీన్ మెడ మీద కత్తి పెట్టినట్టయింది.

ఫిబ్రవరి ఆఖర్న మూడోసారి చేసిన ఫోన్ ఒకావిడ ఎత్తింది. ఆవిడ ఊరికే మార్చేస్తానని అనలేదు, ముందు వెనక్కి పోయి చూసింది.

"మిసెస్ టాస్కర్, మీ కోడ్ మేం రెండుసార్లు మార్చామండీ. మార్చిన ప్రతిసారీ ఇరవై ఎనిమిదో తారీకున మీ మొదటి యజమాని మీరింకా ఉద్యోగంలో ఉన్నారని పంపిస్తున్నారు. దాంతో మా యంత్రం మినహాయింపుని పాత ఉద్యోగానికి తిప్పేస్తోంది."

"ఆ కొట్టు మూసి నాలుగు నెలలైందమ్మా."

"ఆయన మాత్రం పంపిస్తున్నారండీ. జీతం సున్నా అని."

"సున్నా జీతానికి ఎవరైనా పని చేస్తారా?"

"సున్నా అని చెప్పినా లెక్కలో చెప్పినట్టేనండీ. మీరు మానేసిన తేదీ ఆయన పంపాలి. అంతవరకూ మేమెన్నిసార్లు మార్చినా ఇదే జరుగుతుంది." తర్వాత, "ఆయనతో మాటలున్నాయా మీకు?" అని అడిగింది.

"ఉన్నాయి" అంది మాక్సీన్. ఉన్నమాటే. ఆండ్రూల్లా అంత్యక్రియల్లో ఆయన పక్కన నిలబడింది ఆమే. అసలు చిక్కూ అదే.

వారమంతా వెళ్దామనుకుంది, వెళ్ళలేదు. మార్చి రెండో ఆదివారం వెళ్ళింది. పానికోస్ లోపల్నుంచి గడియ తీశాడు. తెల్ల ఏప్రన్ కట్టుకుని ఉన్నాడు, ఉతికి ఇస్త్రీ చేసింది. పొయ్యి మీద మూతలు తళతళలాడుతున్నాయి. నూనె వాసన మాత్రం లేదు. ఆ వాసన లేని ఆ గదిలో మాక్సీన్ ఎన్నడూ నిలబడలేదు, ఎక్కడ నిలబడాలో తెలియక కస్టమర్ల వైపే ఆగిపోయింది.

"అక్కడేం చేస్తున్నావ్? ఇటురా" అన్నాడు పానికోస్. "టీ పెడతా. ఈస్టర్‌కి తెరుస్తున్నాం, విన్నావా? పొయ్యివాడు లీడ్స్ నుంచి వస్తానన్నాడు."

"ఎప్పుడన్నాడు బాస్?"

"నవంబర్లో."

టీ తాగాక ఆమె చీటీలు కౌంటర్ మీద పరిచి ఉన్నదున్నట్టు చెప్పింది. సున్నా సంగతి, యంత్రం సంగతి, ఇల్లు, వైవోన్. పానికోస్ కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు చీటీలూ చూశాడు. తర్వాత జేబులోంచి పర్సు తీశాడు.

"ఎంత పోయింది? నేనిస్తా."

"నీ డబ్బు నాకెందుకు బాస్? నేను మానేశానని పంపు, చాలు."

"మానేశావా?"

"అక్టోబరులో మూశాం కదా."

"మూయలేదమ్మాయ్. ఆపాం." గొంతు పెరిగింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళు నడిపా. ఒక్కర్నైనా పొమ్మన్నానా? ట్రిష్ కాలు విరగ్గొట్టుకుని ఎనిమిది నెలలు మంచమ్మీదుంది. పొమ్మన్నానా? నువ్వు ఆ అబర్డీన్‌వాడి గొడవలో పడి చిప్స్‌లో పంచదార చల్లావు. ఏమన్నా అన్నానా?"

"అనలేదు."

"మరి ఇప్పుడు నాచేత అనిపిస్తావేం?"

ఆయన నెలనెలా వేసిన సున్నా వల్ల తన ఇల్లు పోతోంది. ఆ సున్నా ఆయన వేసింది ఆమె మీద ప్రేమతోనే. ఇద్దరి మీదా జాలి పడాలని ఆమెకి తెలుసు, కానీ పడే ఓపిక లేదు. "నేను వైవోన్ ఇంటికి పోలేను బాస్" అంది, అంతే.

పానికోస్ సగం తాగిన టీకప్పు పక్కకి నెట్టాడు. తర్వాత వెనక గదిలోకి పోయి ఆండ్రూల్లా లాప్‌టాప్ తెచ్చాడు. జీతాల పని ఎప్పుడూ ఆవిడదే. ఆవిడ పోయాక మా అకౌంటెంటు దగ్గర కూర్చుని నెలనెలా పంపడం ఒక్కటే నేర్చుకున్నానన్నాడు. తెరిచి ఆమె వైపు తిప్పాడు.

"నువ్వే నొక్కు. నాకు చెయ్యి రాదు."

తెర మీద పేర్లు వరసగా ఉన్నాయి. తన పేరు నొక్కితే చివరి పనిదినం ఎప్పుడని అడిగింది. మాక్సీన్ పంతొమ్మిది అక్టోబరు అని కొట్టింది.

"ఇరవై" అన్నాడు పానికోస్, గోడవైపు చూస్తూ. "ఆదివారం వచ్చి పొయ్యి కడిగావు. ఆ రోజుకి నీకు డబ్బులివ్వలేదు నేను."

పంతొమ్మిది చెరిపి ఇరవై వేసింది. నిశ్చయమేనా అని అడిగింది యంత్రం. ఇరవై ఆరేళ్ళకి అదొక్క ప్రశ్న. నొక్కింది. ఆమె పేరు బూడిదరంగులోకి మారింది. ఏదో అవుతుందనుకుంది, ఏడుపో, దడో, కనీసం తేలికపడటమో. ఏమీ కాలేదు. ఫ్యాక్టరీలో ఇంకో పెట్టె నింపి పక్కకి నెట్టినట్టే ఉంది.

"ట్రిష్‌ది కూడా చేసెయ్. దానికీ ఇదే తద్దినం ఉండుంటుంది, పాపం నోరు విప్పి చెప్పదు." ట్రిష్‌ది కూడా చేసింది.

కోడ్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మార్చి చీటీలో సరైన కోడ్ వచ్చింది, నవంబరు నుంచి పోయినదంతా వెనక్కి వచ్చింది. ముప్ఫయ్యో తారీకున మాక్సీన్ ఇంటి కాగితం మీద సంతకం పెట్టింది. వైవోన్ సైకిలు గదిలోనే ఉంది. ఆ ఆదివారం మాత్రం ఇవేవీ ఆమె ఆలోచించలేదు, ఎందుకంటే తెర మీద ఇంకొక పేరుంది.

ఆండ్రూల్లా. కొట్టు పెట్టిన మొదటి ఏడాదే ఆవిడకీ జీతం రాశారు, ఆవిడే రాసుకుంది. పేరు పక్కన ఆగస్టు దాకా అంకెలున్నాయి. సెప్టెంబరు సున్నా. అక్టోబరు సున్నా. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి.

మాక్సీన్ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. "బాస్" అంది.

ఆయన గోడవైపు నుంచి తల తిప్పలేదు. "అది ఉండనీ."

"పన్నులవాళ్ళు మళ్ళీ..."

"ఆవిడేం ఫోన్ చేసి నా ఇల్లు పోతోందని గోల పెట్టదులే."

మాక్సీన్ మౌస్ వదిలేసింది. లేచి కౌంటర్ చుట్టూ తిరిగి ఆయన పక్కకి వెళ్ళింది. అప్పుడు ఆయన కప్పు చల్లగా ఉందని చూసి, కెటిల్ నింపి మళ్ళీ స్విచ్చి వేసింది. లాప్‌టాప్ మాత్రం ఆమె మూయలేదు. ఇరవై ఎనిమిదో తారీకుకి ఇంక పంతొమ్మిది రోజులే ఉన్నాయి, ఆయన ఆ ఒక్క పేరూ పంపాలి.